పారశీక శైలి ఆయుధాలపై అరబిక్ లిపి రాతలు: పెనుకొండ, రాయలసీమ నేపథ్యం

పారశీక, దక్కనీ ఆయుధాలలో చాలావాటి మీద అరబిక్ లిపిలో చెక్కిన రాతలో, బంగారు తీగతో పొదిగిన రాతలో ఉంటాయి. కత్తి అలుగు, పిడి, ఒర మీది లోహపు తొడుగు, డాలు, శిరస్త్రాణం, ముంజేతి కవచం, తుపాకి గొట్టం, ఫిరంగి వీపు వీటికి స్థానాలు. లిపి అరబిక్ అయినంత మాత్రాన భాష అరబీ అనుకోకూడదు. ప్రార్థనలు అరబీలో, పాలకుల బిరుదులు, ఆయుధశాల వివరాలు పారశీకంలో ఉండటం సాధారణం. పనివాడి సంతకంలో రెండూ కలుస్తాయి. ఈ రాతలను చదివి ఆయుధం ఎక్కడిది, ఏ కాలానిది, ఎవరి చేతులు మారింది అని తేల్చే పని శాసన పరిశోధనలో ఒక శాఖ. రాత ఒక్కటే సాక్ష్యం కాదు. రాతను, లోహాన్ని, పనితనాన్ని కలిపి చదవడమే ఈ విద్యకు మూలసూత్రం.

పెనుకొండ నేపథ్యం

1565 జనవరిలో జరిగిన రక్కసి తంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చాడు. 1577 ప్రాంతంలో బిజాపూరు సేనలు, 1589 ప్రాంతంలో గోల్కొండ సేనలు ఈ కోటను ముట్టడించి పట్టుకోలేకపోయాయి. పదిహేడో శతాబ్దంలో కోట బిజాపూరు సుల్తానుల వశమైంది. తరువాత మొగలులు, గుత్తి మురారిరావు నాయకత్వంలో మరాఠాలు, మైసూరు పాలకులైన హైదర్ అలీ, టిప్పు సుల్తాను వరుసగా ఈ సీమను ఏలారు. హిందూపురానికి ఆ పేరు మురారిరావు తండ్రి హిందూరావు నుంచి వచ్చిందని చెబుతారు. 1792, 1799 యుద్ధాల ఫలితంగా నిజాంకు దక్కిన ప్రాంతాలు 1800లో ఈస్టిండియా కంపెనీ పరమై దత్తమండలాలయ్యాయి.

ఇన్ని సైన్యాలు నడిచిన నేల కాబట్టి, ఈ సీమ ఆయుధ చరిత్రను ఒక్క రాజవంశానికో ఒక్క మతానికో కట్టివేయడం కుదరదు. పదిహేనో శతాబ్దంలోనే రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను తన సేనలో చేర్చుకున్నాడు. విజయనగర సైనికుడి చేతిలో అరబిక్ లిపి ఉన్న బాకు, సుల్తాను సేనానికి హిందూ కమ్మరి చేసిన కటారి ఉండటం ఆ కాలంలో వింత కాదు. పెనుకొండలో గగన్‌మహల్, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా ఒకే కోట పరిధిలో నిలిచి ఉండటంలోనూ ఇదే చరిత్ర కనిపిస్తుంది.

తెలుగు ఉక్కు, ఇస్ఫహాన్ కత్తి

పారశీక కత్తికి తెలుగు నేలతో ఉన్న సంబంధం రాతకంటే ముందు లోహంతోనే మొదలవుతుంది. అలుగు మీద నీటి అలల వంటి గీతలు కనిపించే కత్తులకు ముడిసరుకు మూసలో కరిగించి చేసిన అధిక కర్బనపు ఉక్కు. పాశ్చాత్యులు ‘వూట్జ్’ అని పిలిచింది దీన్నే. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఇలాంటి అలుగులకు తగిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి పారశీకానికి వెళ్లేదని రాశాడు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుమోసిన ఊరు. 1820లలో అక్కడి కొలుములను చూసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడ ఉక్కు కొనుగోలులో ఉన్నట్టు నమోదు చేశాడు. కాబట్టి ఇస్ఫహాన్ పనివాడి పేరున్న కత్తిలోని ఉక్కు తెలంగాణ కొలిమిలో పుట్టి ఉండవచ్చు. పారశీక అలుగుకు దక్కనీ పిడి బిగించిన కత్తులూ చాలానే ఉన్నాయి. రాత అలుగు చరిత్రనే చెబుతుంది. పిడికి, ఒరకు వేరే చరిత్రలు ఉండవచ్చు.

రాతల్లో ఉండే విషయాలు

ఆయుధం మీది రాతలు ప్రధానంగా అయిదు రకాలు. వీటిలో ఎక్కువ భాగం స్థిరమైన మూసల్లో ఉంటాయి. ఆ మూసలు ముందే తెలిసిన పరిశోధకుడు సగం చెరిగిన రాతను కూడా పూరించగలడు.

మొదటిది ఖురాన్ వాక్యాలు. దైవ సహాయాన్ని, దగ్గరలోని విజయాన్ని ప్రస్తావించే 61వ సూరా 13వ ఆయతు ఆయుధాల మీద చాలా తరచుగా కనిపిస్తుంది. విజయ సూరాగా పేరున్న 48వ సూరా మొదటి వాక్యాలు, రక్షణ కోసం చదివే ఆయతుల్ కుర్సీ (2వ సూరా 255) కూడా సాధారణమే.

రెండోది ప్రార్థనలు, పవిత్ర నామాలు. షియా సంప్రదాయంలో హజ్రత్ అలీని పిలిచే ‘నాదె అలీ’ ప్రార్థన, పంజతన్ అనే అయిదుగురి పేర్లు, పన్నెండుమంది ఇమాముల పేర్లు ఉంటాయి. సఫవీ పారశీకం, గోల్కొండ రెండూ షియా రాజ్యాలు కాబట్టి ఈ నామాలు రెండు చోట్లా ఉంటాయి. మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు వరుసగా ఉంటే సున్నీ వాతావరణాన్ని ఊహించవచ్చు. కానీ దీన్ని కచ్చితమైన గీటురాయిగా వాడరాదు. టిప్పు సుల్తాను సున్నీ. అయినా అలీ బిరుదులైన ‘అసదుల్లా’, ‘హైదర్’ అతని ఆయుధాల మీద విరివిగా ఉన్నాయి.

మూడోది పాలకుడి పేరు, బిరుదు. నాలుగోది పనివాడి సంతకం. ‘అమలె’ అనే మాట తరువాత వచ్చే పేరు తయారీదారుది. అయిదోది రక్షా యంత్రాలు, అంకెలు, ఆయుధశాల గుర్తులు. నాలుగు గళ్ల చిన్న చదరంలో ఒక్కో గడికి ఒక్కో అక్షరం లేదా అంకె ఉంటే అది చాలాసార్లు ‘బదూహ్’ యంత్రం. బే, దాల్, వావ్, హే అనే నాలుగు అక్షరాలకు వరుసగా 2, 4, 6, 8 విలువలు. తేదీ అనుకుని ఈ అంకెలను చదివితే ఫలితం తప్పుతుంది.

లిపి శైలులు

కోణాల్లో నిలిచే కూఫీ తొలి శతాబ్దాలది. తరువాతి ఆయుధాల మీద అలంకారంగా మాత్రమే వస్తుంది. నిలువు గీతలు పొడుగ్గా సాగే సుల్స్ శైలి ఖురాన్ వాక్యాలకు, గుండ్రంగా స్పష్టంగా ఉండే నస్ఖ్ ప్రార్థనలకు ఎక్కువగా వాడారు. కుడి నుంచి ఎడమకు వాలుతూ పైనుంచి కిందికి జారే నస్తాలీఖ్ పద్నాలుగో శతాబ్దంలో పారశీకంలో రూపుదిద్దుకుంది. సంతకాలకు, బిరుదులకు, ఫిరంగుల మీది పద్యాలకు ఇది ఇష్టమైన లిపి. అక్షరాలను పెనవేసి పక్షి, సింహం, పులిముఖం వంటి ఆకారం తెచ్చే తుగ్రా పద్ధతి చదవడానికి అన్నింటికంటే కష్టమైనది.

భాషను గుర్తించడానికి మొదటి ఆధారం నాలుగు అదనపు అక్షరాలు. ‘ప’, ‘చ’, ‘గ’, ‘జ్హ’ ధ్వనులకు పారశీకులు అరబిక్ లిపికి అక్షరాలు చేర్చుకున్నారు. అవి కనిపిస్తే ఆ మాట అరబీ కాదు. అయితే లోహం మీద పనివాడు చుక్కలను తరచు వదిలేస్తాడు, లేదా ఖాళీ ఉన్న చోటికి జరుపుతాడు. ‘గ’ మీది రెండో గీత పెట్టకపోతే అది ‘క’లా కనిపిస్తుంది. చుక్కలు లేనప్పుడు ‘బ’, ‘త’, ‘స’, ‘న’, ‘య’లను సూచించే అయిదు అక్షరాలు మాట మధ్యలో ఒకే చిన్న పన్నులా ఉంటాయి. అందువల్ల అనుభవజ్ఞులు ముందు చుక్కలు లేని అస్థిపంజరాన్ని నకలు తీసి, ఆ తరువాతే చుక్కలకు గల అవకాశాలను పరీక్షిస్తారు.

రాత ఎక్కించిన పద్ధతి

ఒకే మాటను వేర్వేరు పద్ధతుల్లో ఎక్కించవచ్చు. ఆ పద్ధతి కాలానికీ ప్రామాణికతకూ ఆధారం. ఉక్కులో గాడి తవ్వి అందులో బంగారాన్ని దిగగొట్టేది తహనిషాన్. ఇది శ్రమతో కూడినది, ఎక్కువకాలం నిలిచేది. ఉక్కు ఉపరితలాన్ని సన్నని అడ్డదిడ్డ గీతలతో గరుకు చేసి, బంగారు తీగను సుత్తితో అదిమేది కోఫ్త్‌గరీ. బంగారం ఊడిపోయినా కింది గరుకు గీతలు అక్షరాల ఆకారంలోనే మిగులుతాయి కాబట్టి, పక్కనుంచి వాలుగా వెలుతురు పడేలా చూస్తే పోయిన రాత తిరిగి కనిపిస్తుంది. ఉక్కును చెక్కి అక్షరాలను ఉబ్బుగా నిలిపే పని ఖరీదైన ఆయుధాల మీద ఉంటుంది. ఆమ్లంతో తినిపించిన రాత లోతు తక్కువగా, అంచులు మెత్తగా ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పారశీకంలో ఖజారు వంశ పాలనలో అలంకారం కోసం, ముహర్రం నాటకాల కోసం చేసిన శిరస్త్రాణాలు, డాళ్లు, ముంజేతి కవచాల (బాజూబందుల) మీద ఈ పద్ధతి విరివిగా కనిపిస్తుంది. వాటిలో కొన్నింటి మీద అక్షరాల్లా కనిపించే గీతలే తప్ప చదవదగిన మాటలు ఉండవు. అలాంటి చోట అర్థం కోసం పట్టుబట్టకుండా ‘అలంకార రాత’ అని నమోదు చేయడమే సరైన పని.

చదివే క్రమం

మొదటి మెట్టు స్థానాన్ని గుర్తించడం. సంతకం సాధారణంగా పిడికి దగ్గర, అలుగు వెడల్పుగా ఉండే చోట ఒక చట్రంలో ఉంటుంది. వెన్ను వెంబడి పొడుగ్గా సాగే రాత చాలాసార్లు ప్రార్థన. పిడి లోపలి భాగంలోనో డాలు వెనుకనో సాదాగా గీసిన అంకెలు ఆయుధశాల లెక్కలకు చెందినవి.

రెండో మెట్టు పంక్తి దిశను తేల్చడం. అరబిక్ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కానీ చిన్న చట్రంలో మాటలను ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు చాలాసార్లు కింది నుంచి పైకి చదవాలి. దీనికి తోడు, ‘అల్లా’ అనే నామాన్ని గౌరవం కొద్దీ చట్రంలో అన్నిటికంటే పైన ఉంచుతారు. ‘అసదుల్లా’ అనే పేరులో ‘అసద్’ కింద, ‘అల్లా’ పైన, మధ్యలో వేరే అక్షరాలు ఉండవచ్చు. ఈ సంగతి తెలియనివారు ఒకే పేరును రెండు మాటలుగా చదువుతారు.

మూడో మెట్టు తెలిసిన మూసలతో పోల్చడం. సఫవీ కత్తుల మీద ‘బందెయె షాహె విలాయత్ అబ్బాస్’ అనే రాత ప్రసిద్ధం. దీన్ని షా అబ్బాసుకు సేవకుడైన పనివాడి మాటగా భావిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘షాహె విలాయత్’ హజ్రత్ అలీకి బిరుదు. తనను అలీ సేవకుడిగా చెప్పుకుంటున్నది పాలకుడైన అబ్బాసే. కనుక ఇది రాజముద్ర, పనివాడి సంతకం కాదు.

నాలుగో మెట్టు చదివిన పాఠాన్ని ఆయుధపు ఆకారంతో, ఉక్కుతో, పిడి శైలితో సరిచూడటం. పదిహేడో శతాబ్దపు పేరు, పంతొమ్మిదో శతాబ్దపు పనితనం ఒకేచోట ఉంటే పేరును పక్కన పెట్టాలి.

తేదీలు, అంకెలు

ఆయుధాల మీది తేదీలు ఎక్కువగా హిజ్రీ సంవత్సరాలు. హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులు. 33 హిజ్రీ సంవత్సరాలు 32 సౌర సంవత్సరాలకు దాదాపు సమానం. అందువల్ల హిజ్రీ సంఖ్యను 33తో భాగించి, వచ్చినదాన్ని ఆ సంఖ్య నుంచి తీసివేసి, 622 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. హిజ్రీ 1083ను ఇలా లెక్కిస్తే 1672 అవుతుంది. అంకెలు మాత్రం మన అంకెల్లాగే ఎడమ నుంచి కుడికి ఉంటాయి.

అక్షరాలకు విలువలిచ్చే అబ్జద్ పద్ధతిలోనూ తేదీలు దాగి ఉంటాయి. అలిఫ్ 1, బే 2, జీమ్ 3, దాల్ 4 అంటూ మొదలై పదులు, వందల మీదుగా గైన్ 1000తో ముగుస్తుంది. ‘హైదర్’లోని నాలుగు అక్షరాలకు 8, 10, 4, 200 విలువలు, మొత్తం 222. బిస్మిల్లా వాక్యానికి ప్రసిద్ధమైన 786 కూడా ఈ లెక్క నుంచి వచ్చిందే. ఫిరంగుల మీది పారశీక పద్యాల చివరి మాటల్లో పోత పోసిన సంవత్సరాన్ని ఇలా ఇమడ్చడం ఒక కళ.

మైసూరు ఆయుధాలకు వేరే లెక్క కావాలి. టిప్పు సుల్తాను తెలుగు, కన్నడ ప్రజల అరవై సంవత్సరాల చక్రానికి సమాంతరంగా పారశీక పేర్లు పెట్టాడు. పేరులోని అక్షరాల విలువల మొత్తమే ఆ చక్రంలో సంవత్సరపు స్థానం. ‘జకీ’ అంటే 7, 20, 10 కలిసి 37. తెలుగులో 37వది శోభకృతు, అంటే 1783-84. 1787లో అతడు అబ్జద్‌ను వదిలి, వర్ణమాల వరుసను అనుసరించే అబ్తస్ విలువలకు మారాడు. ఆ లెక్కలో ‘షా’ అంటే 40, 1 కలిసి 41; అది ప్లవంగ, 1787-88. మాసాలకూ ఇదే నియమం: మొదటిది అలిఫ్‌తో మొదలయ్యే అహ్మదీ, రెండోది బేతో మొదలయ్యే బహారీ. అదే సమయంలో ప్రవక్త జననం నుంచి లెక్కించే మౌలూదీ శకాన్ని ప్రవేశపెట్టాడు. ఈ శకానికి 572 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. మౌలూదీ 1215 అంటే 1787. అతని నాణేలపై మౌలూదీ అంకెలను కుడి నుంచి ఎడమకు వేశారు కాబట్టి, 1215 మామూలుగా చూసేవారికి 5121గా కనిపిస్తుంది. ఊర్ల పేర్లూ మారాయి: ‘ఫైజ్ హిసార్’ గుత్తికి టిప్పు పెట్టిన పేరు, ‘పట్టన్’ శ్రీరంగపట్నం.

సంతకాలు, నకళ్లు

పారశీక కత్తుల మీద అన్నింటికంటే ఎక్కువగా కనిపించే సంతకం అసదుల్లా ఇస్ఫహానీది. ఇతడు 1588 నుంచి 1629 వరకు ఏలిన మొదటి షా అబ్బాసు కాలపు కమ్మరి అని సంప్రదాయం చెబుతుంది. ఉస్మానియా సుల్తాను పంపిన శిరస్త్రాణాన్ని చీల్చగల కత్తి చేసి, ప్రతిఫలంగా కత్తి కమ్మరుల పన్నును షా చేత రద్దు చేయించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కానీ అతని పేరున్న కత్తుల తేదీలు ఒక మనిషి ఆయుష్షుకు మించి విస్తరించాయి. అక్షరశైలి కూడా కత్తి కత్తికీ మారుతుంది. పేరు క్రమంగా నాణ్యతకు గుర్తుగా మారి, పారశీకంలోనూ భారతదేశంలోనూ తరువాతి పనివాళ్లు దాన్ని వాడుకున్నారు. అతని కుమారుడిగా చెప్పుకునే కల్బ్ అలీ సంతకానిదీ ఇదే పరిస్థితి. కనుక ఈ పేరు దొరికినప్పుడు ‘అసదుల్లా సంతకం గల కత్తి’ అని నమోదు చేస్తారే తప్ప ‘అసదుల్లా చేసిన కత్తి’ అని రాయరు. సంతకాలను సరిచూడటానికి 1962లో వెలువడిన ఎల్.ఎ. మేయర్ ఇస్లామిక్ ఆయుధకారుల పట్టిక నేటికీ ఉపయోగపడుతుంది.

రెండు పొరల రాతలు

ఒక ఆయుధం చేతులు మారినప్పుడు కొత్త యజమాని తన రాతను చేర్చడం పరిపాటి. బిజాపూరులోని మలికె మైదాన్ ఫిరంగి దీనికి చక్కని ఉదాహరణ. దీన్ని మహమ్మద్ రూమీ హిజ్రీ 956లో, అంటే 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోశాడు. 1686లో బిజాపూరును జయించిన ఔరంగజేబు తన విజయాన్ని తెలిపే రాతను అదే ఫిరంగిపై చెక్కించాడు. గోల్కొండ కోటలోని ‘ఫతే రహ్‌బర్’ ఫిరంగి మీద ఔరంగజేబు పేరు, పోత పోసిన మహమ్మద్ అలీ అరబ్ పేరు, హిజ్రీ 1083 ఉన్నాయి. అదే పనివాడు చేసిన ‘అజ్దహా పైకర్’ కూడా గోల్కొండ బురుజు మీదే ఉంది. ఇలాంటి మొగలు ఫిరంగుల మీద గుండు, మందు తూకాలను కూడా చెక్కేవారు. వాటివల్ల ఆనాటి తూనికల గురించి తెలుస్తుంది.

రాయలసీమకు మరింత దగ్గరి ఉదాహరణ ఆదోని. 1680ల చివర ఆదోని కోట మొగలుల చేతికి వచ్చినప్పుడు, వారి సేనలో ఉన్న బికనీరు పాలకుడు అనూప్ సింగ్ అక్కడి కవచాలను, ఆయుధాలను తన రాజ్యానికి తరలించాడు. వాటి మీద నాగరి అక్షరాల్లో బికనీరు ఆయుధశాల రాతలు పడ్డాయి. అలా ఒకే వస్తువు మీద దక్కనీ పనితనం, రాజస్థానీ రాత కలిశాయి. రాతను మాత్రమే నమ్మితే ఆ కవచాలు రాజస్థానువి అవుతాయి. పనితనాన్ని కూడా చదివితే రాయలసీమకు తిరిగి వస్తాయి.

టిప్పు ఆయుధాల మీది రాత

టిప్పు ఆయుధాలను గుర్తించే మొదటి చిహ్నం ‘బబ్రీ’ అనే పులిచార. పులిముఖంలా కనిపించే మరో ముద్ర నిజానికి అక్షరాల కూర్పు: అలీని విజేత అయిన దైవసింహంగా కీర్తించే అరబీ మాటలను అద్దంలో ప్రతిబింబంలా రెండువైపులా పేర్చి పులిముఖం చేశారు. దాన్ని చదవాలంటే బొమ్మను నిలువుగా రెండుగా విభజించి, ఒక సగాన్ని మాత్రమే తీసుకోవాలి. ‘సర్కారె ఖుదాదాద్’ అనేది అతని ప్రభుత్వం పేరు. 2023 మేలో లండన్‌లో వేలం వేసిన అతని శయనాగారపు కత్తి అలుగు మీద బంగారంతో ‘షంషీరె మలిక్’, అంటే రాజు కత్తి అని ఉంది. శ్రీరంగపట్నం ముట్టడి తరువాత ఆ కత్తిని జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు ఇచ్చారు. వేలంలో దాని ధర 1.4 కోట్ల పౌండ్లు దాటింది.

పీర్లు: సజీవమైన పోలిక

ఆయుధాల మీది అక్షరకళకు రాయలసీమలో నేటికీ వాడుకలో ఉన్న దగ్గరి బంధువు పీరు. ముహర్రంలో ఊరేగించే ఈ లోహపు ధ్వజాగ్రాల మీద అల్లా, మహమ్మద్, అలీ, ఫాతిమా, హసన్, హుస్సేన్ పేర్లను చెక్కడం, రేకును కోసి అక్షరాలు నిలపడం, అద్దపు ప్రతిబింబంలా కూర్చడం కనిపిస్తాయి. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ఉత్సవానికి అన్ని కులాలవారూ తరలివస్తారు. హైదరాబాదులో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడల పలకల మీదా ఇదే సంప్రదాయపు అక్షరాలున్నాయి. పీర్ల మీది పేర్లను గుర్తుపట్టడం నేర్చినవారికి కత్తి మీది ప్రార్థనలు సగం పరిచితమైనట్టే.

అధ్యయన కేంద్రాలు, సంరక్షణ

1951 డిసెంబరులో ప్రారంభమైన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధ విభాగం తెలుగువారికి అందుబాటులో ఉన్న పెద్ద సేకరణ. జహంగీరు, నూర్‌జహానులకు చెందిన రత్నాల పిడుల బాకులను కూడా అక్కడ చూడవచ్చు. దక్కను శాసనాల అధ్యయనానికి పునాది వేసినవారిలో గులాం యజ్దానీ ముఖ్యులు. నిజాం రాష్ట్ర పురావస్తు శాఖను నడిపిన ఆయన ‘ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా’ సంపుటాలకు సంపాదకత్వం వహించారు. ఇప్పుడు అరబీ, పారశీక శాసనాల పఠనాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నాగపూరులోని శాఖ చేస్తోంది.

రాత ఉన్న ఆయుధానికి పెద్ద ముప్పు అతిగా శుభ్రం చేయడం. ఆయుధపూజ నాడు చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమితే, ఆమ్లం ఉక్కును తిని బంగారాన్ని వదులు చేస్తుంది. ఇసుక కాగితం కోఫ్త్‌గరీ కింది గరుకు గీతలను చెరిపేస్తుంది. ఆ గీతలు పోతే రాత మళ్లీ దొరకదు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, పొడిచోట ఉంచి, నాలుగు దిక్కుల నుంచి వాలు వెలుతురులో ఫొటోలు తీయడం చాలు. రాతి శాసనాలకు తీసే సిరా అచ్చు ఇక్కడ పనికిరాదు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి కళావస్తువులు పురావస్తువులే. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. పొలంలోనో కోట శిథిలాల్లోనో దొరికిన ఆయుధం విషయంలో దొరికిన చోటును, లోతును, పక్కన ఉన్న వస్తువులను రాసిపెట్టడం రాతను చదవడమంత ముఖ్యం. చట్రంలోని పేరు అరువు తెచ్చుకున్నది కావచ్చు, తేదీ తరువాత చేర్చినది కావచ్చు. దొరికిన చోటు వివరం సరిగా నమోదైతే ఆ రెండింటినీ నిగ్గుతేల్చే ఆధారం అవుతుంది.